ఎవరూ రాయని మెథడ్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసుకునే మనిషిని. కంప్యూటర్లో ఏ వింత కనిపించినా తప్పు నా రాతలోనే ఎక్కడో ఉంటుందని నమ్ముతాను. ఈ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

కడపలో బావి మోటార్లు బాగుచేసే ఒక షాపు కోసం చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. అందులో ఒక్కో బావి ఒక్కో ఆబ్జెక్ట్, అంటే ఆ బావి వివరాలన్నీ కట్టిన మూట. లోతెంత, నీళ్లెన్ని, మోటారు ఏది అని అడిగితే జవాబు చెప్పడానికి ఒక్కో ప్రశ్నకు ఒక మెథడ్, అంటే పేరుతో పిలిస్తే పనిచేసే చిన్న ప్రోగ్రాం ముక్క, కావాలి. అవన్నీ చేత్తో రాసే ఓపిక నాకు లేదు. బావుల వివరాలు రాసుకున్న పట్టికలో ఏ శీర్షికలుంటే ఆ పేర్లతో ప్రోగ్రామే అప్పటికప్పుడు మెథడ్లు పుట్టించుకునేలా నాలుగు వరుసలు రాశాను. శీర్షిక లేకపోతే మెథడ్ పుట్టదు. లేని పేరుతో పిలిస్తే తప్పని ఎర్రక్షరాలు వస్తాయి.

పరీక్షకని కోడుమూరు దగ్గర మా అన్న చేలో ఉన్న పాత బావి వివరాలు పెట్టాను. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, ఏయే మెథడ్లు పుట్టాయో చూపించమన్నాను. లోతు, నీళ్లు, మోటారు. వాటి కింద, గాలి.

ఆ శీర్షిక నేను పెట్టలేదు. పట్టికంతా వెతికాను, ప్రోగ్రామంతా వెతికాను. ఆ మాటే లేదు. విసుగొచ్చి ఆ మెథడ్‌ని పిలిచాను. తప్పు చూపించాల్సింది పోయి, "లేదు" అని జవాబిచ్చింది.

ఇక కుదురుగా కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్లాను, వచ్చాను, మళ్లీ పిలిచాను. అదే జవాబు. ఎందుకో భయమేసి అన్నకు ఫోన్ చేశాను.

"మునిగిన మోటారు తీయల్ల పాపా. బాయిలోకి దిగుతాండా, మల్ల చేస్తా" అన్నాడు.

పాత బావిలో దిగే ముందు మా నాయన లాంతరు వెలిగించి తాడుతో కిందికి దించేవాడు. అది ఆరిపోతే అడుగున గాలి చెడిందని అర్థం, ఆ రోజు దిగేవాడు కాదు. ఆయన పోయాక లాంతరు అటకెక్కింది.

"దీపం దించి చూసినావా అన్నా?"

"టార్చిలైటు దించినాలే. అడుగు దాకా శానా బాగా కనపడతాండాది."

"టార్చికి గాలితో పనేముందన్నా! నా మీద ఒట్టు, దీపం దించు."

తిట్టుకుంటూనే మోటారు కొట్టంలో దేవుడి పటం ముందున్న ప్రమిద వెలిగించి, బకెట్లో పెట్టి దించాడు. గిలక కిర్రుమనడం ఫోన్‌లో వినపడింది. తర్వాత ఆగింది.

"సగంలోనే ఆరిపాయ పాపా."

మళ్లీ వెలిగించి దించాడు. మళ్లీ ఆరింది. "ఈ పొద్దు దిగనులే" అన్నాడు అన్న. నేను ఏడ్చేశాను.

సాయంత్రం ప్రోగ్రాం మళ్లీ నడిపాను. మూడే మెథడ్లు. గాలి అని పిలిస్తే ఎర్రక్షరాలు. తెలిసినవాళ్లకు చూపిస్తే ఎవరికీ ఏమీ దొరకలేదు, కలగని ఉంటావన్నారు. ఇది నాయన పనే అంటుంది అమ్మ. నేను అవుననలేను, కాదని కొట్టిపారేయలేను.

షాపువాళ్లకు ప్రోగ్రాం ఎప్పుడో ఇచ్చేశాను. అన్న బావి మాత్రం ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు దాన్ని గాలి అని ఒకసారి పిలుస్తాను. తప్పని ఎర్రగా చూపిస్తే గానీ మనసు కుదుటపడదు.