మైకత్తయ్యా, నా మెడలో మౌనమూ

మా మైకత్తయ్యకి గొంతు తగ్గించడం రాదు. రహస్యం చెప్పాలంటే ముందు తలుపులన్నీ మూసి వస్తుంది, ఆ తరవాత కిటికీ అద్దాలు అదిరేలా చెబుతుంది. ఓసారి ఉప్పెక్కడ పెట్టానా అని తనలో తాను అనుకుంటే, మూడు వాటాల వాళ్ళు ఉప్పు డబ్బాలు పట్టుకుని వచ్చారు. ఆవిడ ఫోనెత్తితే చాలు, "అవతలివాళ్ళకి నేరుగానే వినబడుతుంది కదండీ, మధ్యలో ఫోనెందుకు?" అనేవాడు కింది వాటా దర్జీ.

ఆవిడ నాకు చుట్టం కాదు, ఇంటావిడ. ఆవిడ వంటగదికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. గోడకి అవతల ఆవిడొక్కతే, ఇవతల నేనొక్కదాన్నే. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది ఇంటికొస్తే, గదిలో నాకంటే ముందు నా నీడ కూర్చుని ఉండేది. పలకరించేది ఆ గోడ మాత్రమే.

"లేచావా?"

"ఆఁ."

"తిన్నావా?"

"ఆఁ."

"ఏం తిన్నావు?"

దానికి 'ఆఁ' సరిపోదు కనక దుప్పటి ముసుగేసేదాన్ని.

ఆ ఏడాది నాలో ఏదో దీపం వత్తి తగ్గించినట్టు మెల్లగా సన్నబడుతూ వచ్చింది. మండే ఎండల్లో స్వెట్టరు. దువ్వెన నిండా జుట్టు. పొద్దున్నే అద్దంలో ఎవరిదగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉబ్బిన మొహం. ఎంత పడుకున్నా నిద్ర తీరేది కాదు. అక్షరాలు పొగమంచులో మనుషుల్లా నన్ను దాటి వెళ్ళిపోయేవి. ఒక పెళ్ళి శుభలేఖ 'వివాద మహోత్సవం' అని అచ్చయి, పంచడం కూడా అయిపోయింది.

"ఇది బద్ధకం కాక ఏమిటమ్మా? ఇంకో తప్పు దొర్లితే వేరే మనిషిని చూసుకుంటాను" అన్నాడు ప్రెస్సు యజమాని.

నా అనుమానమూ అదే. జబ్బయితే మందుంటుంది. బద్ధకమే నేనైతే, నన్ను నేను ఎక్కడికి తీసుకెళ్ళి చూపించుకోను?

ఒక పొద్దున గోడ మాట్లాడలేదు. తలుపు దబదబలాడింది.

"పద, రక్త పరీక్షకి!"

"ఎవరికి?"

"నాకైతే నిన్నెందుకు లేపుతానే?"

కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నాకు రక్త పరీక్షని వీధంతటికీ తెలిసిపోయింది.

థైరాయిడ్ రిపోర్టొచ్చింది. టీఎస్‌హెచ్ పక్కన పైకి బాణం, అంకె ఉండాల్సినదానికి మూడింతలు. ప్రూఫులు దిద్దే కళ్ళు ఆ ఒక్క వరుసనే చూసి ఆగిపోయాయి.

"అత్తయ్యా, నాకు థైరాయిడ్ ఎక్కువైంది."

"ఎక్కువైతే ఎవరికైనా కాస్త పంచిపెట్టరాదూ!"

రిపోర్టు డాక్టరమ్మ ముందు పెట్టి అడిగాను. "నాకు థైరాయిడ్ వచ్చిందా అండీ?"

"రావడమేమిటి? పుట్టినప్పటి నుంచీ మెడలోనే ఉంది" అని నవ్విందావిడ. "అది సరిగ్గా పని చెయ్యడం లేదు, అంతే."

"మరి ఎక్కువని ఉంది?"

"టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదమ్మా. మెదడు అడుగున బఠాణీగింజంత గ్రంథి ఒకటుంది, 'పని చెయ్యి' అని అది థైరాయిడ్‌ని పిలిచే పిలుపు టీఎస్‌హెచ్. ఇది పలక్కపోతే అది ఇంకా గట్టిగా పిలుస్తుంది. కింది వరుస చూడండి, టీ4. అది థైరాయిడ్ ఇచ్చే జవాబు. బాణం కిందికుంది. ఈ రెండూ కలిపే చదవాలి. పిలుపు కాస్త పెరిగి, జవాబు సరిగ్గా ఉంటే కొన్ని వారాలాగి మళ్ళీ పరీక్ష చేయించేదాన్ని. మీకు మాత్రలు కావాలి."

"అయితే... బద్ధకం కాదా?"

"కాదు."

నేను ఊపిరి తీసుకునేలోపే మైకత్తయ్య కుర్చీ కిర్రుమంది.

"పాపం! ఎన్నాళ్ళుగా అరుస్తోందో ఆ బఠాణీగింజ!"

బయట కూర్చున్న రోగులందరూ తలుపు వైపు తిరిగారు.

"మెల్లగా అమ్మా" అంది డాక్టరమ్మ.

"మెల్లగా అంటే దీనికి వినబడితేగా! పొయ్యి మీద పాలు పెట్టి పిలిచేదాన్ని. మొదట్లో పాలు వెచ్చబడేలోపే 'ఆఁ' అనేది. తరవాత్తరవాత పాలు పొంగేదాకా పలికేది కాదు. ఈమధ్యైతే పొంగి, పొయ్యారి, నేను తుడుచుకుంటుంటే అప్పుడొస్తుందండీ 'ఆఁ'! అదీ బొంగురుగా! ఇది బద్ధకమేమిటి? ఆడపిల్ల లోపల ఏదో ఆగిపోతోందని తీసుకొచ్చా!"

డాక్టరమ్మ రాయడం ఆపింది. "గొంతు బొంగురుపోవడమూ దీని లక్షణమే" అంది.

ఇన్నాళ్ళూ అందరం ఆవిడ నోరే చూశాం. ఆవిడకి చెవులున్నాయని ఒక్కరికీ తోచలేదు.

ఆపైన గోడ కొత్త పాఠం నేర్చుకుంది. "మాత్ర వేసుకున్నావా? పరగడుపునేనా? అప్పుడే ఏమీ తినకు!" నేను పనికి బయల్దేరితే దర్జీ మిషను ఆపి, "మాత్ర పడిందామ్మా?" అనేవాడు. కొన్ని వారాలకి ఒళ్ళు నాదైంది, అక్షరాలు నిలబడి మాట్లాడసాగాయి. మళ్ళీ చేయించిన పరీక్షలో అంకె దిగింది. నా కుర్చీలోకి ఇక వేరే మనిషి అక్కర్లేదన్నాడు ప్రెస్సు యజమాని.

మర్నాడు తెల్లారగానే మెలకువొచ్చింది. గోడ ఇంకా లేవలేదు. ఇన్నేళ్ళలో అటువైపు నుంచి పిలుపే తప్ప, ఇటువైపు నుంచి ఎవరూ పిలవలేదని అప్పుడు తట్టింది. గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

"అత్తయ్యా! లేచారా?"

జవాబు లేదు. భయమేసింది. గోడకి చెవి ఆనించాను. అటువైపు నుంచి, ఎన్నడూ వినని సన్నని, సిగ్గుపడే గొంతు వినిపించింది.

"ఆఁ... లేచానే. మరీ అంత అరవాలా? చుట్టుపక్కల నలుగురూ ఉండే చోటు!"