బల్లి పలికిన సాయంత్రం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై గదిలో కిరాయికుండే జువాలజీ సారు, ఒకప్పుడు అడవిలో బతికిన బల్లి ఇళ్లలోకి వచ్చి ట్యూబులైటు దగ్గర పురుగుల్ని పట్టడం ఎలా నేర్చిందో నోటుబుక్కుల నిండా రాసుకునేవారు. బల్లి పలికిందంటే మా అమ్మ నేలమీద వేలితో కొట్టి, "ఇప్పుడన్న మాట నిజమైతది సారూ" అనేది.

"అదేం కాదండీ. ఇది నా చోటు, రావద్దని ఇంకో బల్లికి చెబుతోంది, అంతే," అని ప్రతిసారీ నవ్వేవారు.

ఆయన భార్య పుట్టింటికి వెళ్లి మూడేళ్లయింది. ఒక సాయంత్రం టీ ఇస్తూ, "ఆంటీ ఎప్పుడొస్తరు సార్?" అని అడిగేశాను.

"వస్తుందమ్మా. దసరాకి వచ్చేస్తుంది," అన్నారు. వెంటనే గోడమీద బల్లి పలికింది.

సారు నవ్వలేదు. నేను చూడట్లేదనుకుని, కుర్చీలోంచి వంగి నేలమీద వేలితో మెల్లగా కొట్టారు.