వేరు విరిచే మనిషి

మా సంఘంలో ఆవిడను అందరం పుటుక్కమ్మ అంటాం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి. అశ్వగంధ వేరు సరిగ్గా ఎండితే రెండు వేళ్ల మధ్య పుటుక్కున విరుగుతుంది. పచ్చిదైతే వంగుతుంది. గిడ్డంగి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి బస్తాలో అడుగు దాకా చెయ్యి పెట్టి, ఒక వేరు లాగి విరిచి చూడడం ఆవిడ పని. విరిగితే లోపలికి, వంగితే ఇంటికి. తన బస్తా తానే చూసుకుని, తానే వెనక్కి మోసుకుపోయిన రోజు కూడా ఉంది.

ఈ పని ఊరికే పుట్టలేదు. తలా ఎకరం, అరెకరం ఉన్నవాళ్లం నలభై మందిమి. విడివిడిగా అమ్ముకున్నన్నాళ్లూ వ్యాపారి చెప్పిందే రేటు. సంఘం పెట్టుకుని, అందరి వేర్లూ ఒకే కుప్ప పోసి మందుల కంపెనీకి పంపడం మొదలుపెట్టాం. మొదటి ఏడాదే ఎవరో మహానుభావుడు తడి బస్తా కలిపేశాడు. బూజు కుప్పంతా పాకింది. వెళ్లిన లారీ వెళ్లినట్టే వెనక్కొచ్చింది. ఆ రోజు ఏడవని ఇల్లు లేదు. ఆ తర్వాతే ఆవిడను అక్కడ కూర్చోబెట్టాం. భర్త పోయాక అరెకరం ఒక్కతే సాగు చేసుకుంటున్న మనిషి, మొహమాటం తెలియని మనిషి.

ఇప్పుడు లారీ వెనక్కి రావడం లేదు. ఆవిడ ఇంటికి మనిషీ రావడం లేదు.

నా బస్తా రెండుసార్లు తిప్పి పంపింది. రెండుసార్లూ వేరు వంగడం నేను కళ్లారా చూశాను. అయినా నెల రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. అందరి దగ్గరా ఇలాంటి కథ ఒకటుంది. ఆవిడతో మాట్లాడేది ఆవిడ సొంత చెల్లెలొక్కతే. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. సాయంత్రమైతే దాని మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ నడిచేవి.

పోయిన కోతకు చెల్లెలు బస్తా తెచ్చింది. వేరు వంగింది.

"పిల్లకి జ్వరమక్కా, ఆరబెట్టే తీరిక లేకపోయింది. కలిపెయ్యవే. ఒక్క బస్తాకి ఏమవుతుంది?"

"రెండ్రోజులు ఎండబెట్టి తీసుకురా అమ్మా. నేనొచ్చి తిరగేస్తాలే."

"నువ్వేం రానక్కర్లేదు," అని చెల్లెలు బస్తా భుజానికెత్తుకుంది.

మర్నాడు అక్క వెళ్తే చెల్లెలు తలుపు తియ్యలేదు. గోడ మీద పెట్టిన గిన్నె సాయంత్రం దాకా అక్కడే ఉంది. మూడు నెలలు అలాగే గడిచాయి. ఎదురింటివాణ్ణి కనుక అంతా చూశాను. చూసి ఊరుకున్నాను.

మొన్న సంఘం సమావేశంలో ఆవిడ లేచి నిలబడింది.

"ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి. నాకూ నలుగురితో కూర్చుని మాట్లాడుకోవాలని ఉంది. మా చెల్లి నాతో మాట్లాడాలి. అంతే."

"ఎవరు చేస్తారు?" అన్నాడు అధ్యక్షుడు. అందరం కాళ్ల వంక చూసుకున్నాం.

అప్పుడు చెల్లెలు లేచింది. ఆవిడ ముఖం వెలిగింది. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చింది.

చెల్లెలు అక్క వైపు చూడలేదు. అధ్యక్షుడితోనే అంది: "సొంత చెల్లెలి బస్తానే తిప్పి పంపిన మనిషండీ. ఇంతకంటే నమ్మకమైనవాళ్లు మనకెక్కడ దొరుకుతారు? ఆవిడే ఉండాలి." ముందుగా తనే చెయ్యెత్తింది.

వెనకే అందరి చేతులూ లేచాయి. నాదీ లేచింది. ఏకగ్రీవం అని రాసుకున్నారు. చప్పట్లు కూడా కొట్టాం.

ఆవిడ కూర్చుంది. అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను వెనక వరుసలోనే ఉన్నాను, లేచి వెళ్లి పక్కన కూర్చోవచ్చు. వెళ్లలేదు.