రెండు దెబ్బల మేస్త్రి

మొరాయించిన కారును లేపడానికి ఆయన చేసేదల్లా ఒకటే. బానెట్ ఎత్తి, పానా తిరగేసి పట్టుకుని, స్టార్టర్ మోటారు మీద రెండు దెబ్బలు వేసేవాడు. బండి లేచేది. అందుకే అందరూ ఆయన్ను రెండు దెబ్బల మేస్త్రి అనేవారు. ముప్పై ఏళ్ళు తన రేకుల షెడ్డులో ఆ పేరుతోనే బతికాడు, కాస్త పొగరుగానే బతికాడు. మీటరు పెట్టి వైరు వైరూ చూసేవాళ్ళంటే ఆయనకు చులకన. రోగం తెలియనివాడికే అన్ని పరీక్షలు అనేవాడు.

మేస్త్రి అన్నయ్యదీ పాత కారే. తమ్ముడి దగ్గరే క్లచ్ పని చేయించుకున్న కొన్నాళ్ళకు దానికో వంక పట్టుకుంది. పొద్దున్నే తిప్పితే బుద్ధిగా లేచేది. ఎండలో తిరిగొచ్చి, ఆపి, వెంటనే మళ్ళీ తిప్పితే మాత్రం ఒక్కోసారి టక్కుమని ఊరుకునేది. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు లేచేది. అన్నయ్య మూడుసార్లు వచ్చి చెప్పాడు. మూడుసార్లూ మేస్త్రి రెండేసి దెబ్బలు వేసి పంపేశాడు.

"అలిగింది అన్నయ్యా, అంతే. దానికీ నీ వయసే కదా!"

అన్నయ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. తమ్ముడి చేతి మీద ఆయనకు అంత గురి.

నిరుడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్నావదినలు బజారు నుంచి వచ్చి కూర్చున్నారో లేదో, అన్నయ్యకు గుండెల్లో నొప్పి మొదలైంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఆలస్యమవుతుందన్నారు. వదిన ఆయన్ను నడిపించుకెళ్ళి వెనకసీట్లో పడుకోబెట్టి, తాళం తిప్పింది. టక్. మళ్ళీ తిప్పింది. టక్. తిప్పీ తిప్పీ, చివరికి వీధి మలుపు దాకా పరుగెత్తి, బండి నడపడం వచ్చిన అక్కడి దర్జీని పిలుచుకొచ్చింది. అప్పటికి అరగంట దాటింది. ఆయన కూర్చుని తిప్పగానే బండి లేచింది.

"ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే..." అన్నాడు డాక్టరు. అన్నయ్య దక్కలేదు.

దర్జీ చేతికి లేచింది, తన చేతికి లేవలేదు. వదిన మనసులో ఆ మాట పాతుకుపోయింది. మేస్త్రి ఓదార్చబోయాడు. "కంగారులో సరిగ్గా తిప్పి ఉండవులే వదినా, ఊరుకో" అన్నాడు. ఓదార్పట అది!

ఏడాది గడిచాక కారు కొంటామని ఎవరో వచ్చారు. ఊరంతా తిప్పి చూపించి ఆపాక, వాళ్ళ ముందు వదిన తాళం తిప్పితే మళ్ళీ టక్. కాసేపయ్యాక దర్జీ చేత బండి నడిపించుకుని షెడ్డుకు తెచ్చింది.

"నా చేతికే ఇలా అవుతుంది బాబూ. ఒకసారి చూడు" అని స్టూలు మీద కూర్చుంది.

ఇంజను ఇంకా కాలుతోంది. మేస్త్రి తిప్పాడు. టక్. రెండు దెబ్బలు వేశాడు, నాలుగు వేశాడు. లేవలేదు. వదిన చూస్తోంది. అప్పుడు, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, నింపాదిగా వెతకడం మొదలుపెట్టాడు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకు విడిగా ఒక లావుపాటి వైరు కలిపాడు. లేచింది. వైరు తీశాడు. టక్. కలిపాడు. లేచింది. అంటే మోటారు మంచిదే. కరెంటు తిరిగొచ్చే దారి, ఎర్త్ పట్టీ, అక్కడ ఉంది తప్పు. బండి కిందికి దూరి గేర్‌బాక్సుకు బిగించిన ఆ పట్టీ విప్పాడు.

పట్టీ కింద నీలం రంగు.

ఆ రంగు తనదే. క్లచ్ పనికి గేర్‌బాక్సు దించినప్పుడు, అన్న బండి కదా అని, దాన్ని కడిగి తుడిచి ముచ్చటపడి వేశాడు. ఇంకెవరి బండికీ అలా వెయ్యలేదు. రంగు కరెంటును ఆపుతుందని, పట్టీ కూర్చునే చోట దాన్ని గీకి బిగించాలని పనిలో కొత్తగా చేరినవాడికైనా తెలుసు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆయన గీకడం మరిచాడు. చల్లగా ఉన్నప్పుడు కరెంటు ఎలాగో దూరేది. వేడెక్కితే దూరేది కాదు.

ఇంకా బండి కిందే ఉన్నాడు, పానా చేతిలోనే ఉంది. ఇప్పుడు ఆ రంగు గీకేసి బిగిస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ అవతల స్టూలు కింద వదిన చెప్పులు కనబడుతున్నాయి. తాను నోరు మూసుకుంటే ఆమె చచ్చేదాకా తన చేతినే తిట్టుకుంటుంది.

బయటికొచ్చి అంతా చెప్పాడు. వైరు కలిపి చూపించాడు, తీసి చూపించాడు. నీళ్ళు నమలలేదు, వేడినీ కాలాన్నీ సాకు చెప్పలేదు.

"నీ చేతిలో ఏ తప్పూ లేదు వదినా. నాదే."

వదిన తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"ఏడాది నుంచి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఈ చేతిని చూస్తే అసహ్యమేసేది" అంది మెల్లగా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది.

"చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు. చెప్పావు. మంచి పని చేశావు." గుమ్మం దగ్గర ఆగింది. "కానీ కొన్నాళ్ళు మా ఇంటికి రాకు బాబూ."

"సరే వదినా" అన్నాడు.

ఆమె వెళ్ళాక ఉప్పుకాగితంతో రంగంతా గీకాడు. ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. పట్టీ బిగించాడు. బండిని ఎండలో తిప్పి తెచ్చి, వేడి మీద ఆపి, మళ్ళీ తిప్పాడు. లేచింది. ఇరవైసార్లు ఆపాడు, ఇరవైసార్లు తిప్పాడు. ఒక్కసారైనా టక్కుమంటే బాగుండును, తప్పు ఇంకెక్కడో ఉందనుకోవచ్చుననిపించింది. ఇరవైసార్లూ లేచింది.