మంచులో బావ వరస

నేను డ్యూటీలో చేరిన పొద్దున ఔట్‌పోస్టు కనబడలేదు. అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు మలుపులో బస్సు ఆపి, "ఇదే, దిగమ్మా" అన్నాడు కండక్టరు. చుట్టూ మంచు. బస్సు చప్పుడు కూడా కాసేపటికి అందులోనే కరిగిపోయింది. ఎక్కడినుంచో వైర్‌లెస్ సెట్టు గరగరమంది. ఆ చప్పుడు పట్టుకుని నడిచాను. ముందు ఇసక బస్తాలు కనబడ్డాయి. తరవాత తుపాకీ. ఆ తరవాత మనిషి.

"ఏటప్పా, దారి తప్పి సొర్గానికొచ్చీసినావా?" అన్నాడా మనిషి.

అతనే సెట్టు ఆపరేటరు. శ్రీకాకుళం వైపువాడు. నేను హోంగార్డుని. ఆ ఉద్యోగం చేస్తూ మా ఆయన పోతే నాకిచ్చారు. రెండు ఖాకీ చీరలు, ఒక లాఠీ, ఒక స్వెట్టరు, మగవాళ్ల కొలత బూట్లు. బూట్ల ముందువైపు గుడ్డపీలికలు కుక్కుకునేదాన్ని. బండ్లు ఆపి ఆడవాళ్ల సంచులు చూడడం, కొండ మనుషులతో మాట్లాడడం నా పని. ఆ కొండల్లోనే పుట్టాను కాబట్టి రెండోది తేలిక. హెడ్డుగారి ఆర్డరు ఒకటే: "అనుమానమొస్తే ముందు విజిలు. తుపాకీ తరవాత."

ఆపరేటరు దేనిమీదైనా జోకు వేసేవాడు. అన్నంలో రాయి మీద, పై ఆఫీసరు పొట్ట మీద. "నవ్వకపోతే ఈ మంచు మనల్ని తాగీస్తాదప్పా" అనేవాడు.

పుష్యమాసంలో ఒక సంతరోజు. మధ్యాహ్నమే మంచు దిగింది. దిగువ లోయలోంచి కోడిపుంజు కూత వచ్చింది. అక్కడ ఊరు లేదు. సంతనుంచి తిరిగి రావాల్సిన జీపు ఇంకా రాలేదు. అందరం తలలు ఎత్తాం.

ఆపరేటరు సెట్టు అందుకున్నాడు. "కంట్రోల్, సంత జీపు లోయలో పడినట్టుంది. ఓవర్."

"ఎంతమంది? ఓవర్."

"మంచు లేస్తేగానీ తెలీదు సార్. ఓవర్."

తాళ్లు కట్టుకుని దిగాం. బతికినవాళ్లను ముందు పైకి చేర్చి విశాఖ పంపాం. ఆఖరున ఒక ముసలాయన దొరికాడు. ప్రాణం లేదు. కంబళిలో, చంక కింద, సంతలో కొన్న పుంజు. దానికి ఈక కూడా ఊడలేదు. ఆయన్ని ఆపరేటరే వీపున కట్టుకుని పైకి మోశాడు.

మర్నాడు పొద్దున పంచనామా అయింది. శవం టార్పాలిన్ కింద ఉంది. పుంజు గేటు మీదెక్కి కూసింది. మేం టీ తాగుతున్నాం.

"సూడండి, టిక్కెట్టు తీసినోడు ఎల్లిపోనాడు. ఊరికే ఎక్కినోడు కూత్తన్నాడు" అన్నాడు ఆపరేటరు.

కానిస్టేబుళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్య మంచులోంచి ముందు ఒక కర్ర కనబడింది. తరవాత ఒక ముసలామె. వెనక వాళ్ల ఊరివాళ్లు, వెదురు పాడెతో. ఆమె ఆ ముసలాయన పెళ్లాం.

"ఆ మాటన్నదెవులు?"

ఆపరేటరు గ్లాసు కింద పెట్టాడు. "నానేనమ్మా. తప్పయిపోనాది."

"తప్పొప్పులు కాదు బాబూ. మా ముసిలోడికి నువ్వు ఏటవుతావు?"

"తమ్ముడనుకోమ్మా."

ఆమె వెనకున్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పాపం, మర్యాద చేద్దామనుకుని అన్న మాట అది.

మా ఊళ్లలో పోయినవాణ్ని నవ్వించి పంపాలి. పాడెకి ముందు నడుస్తూ బావ, అంటే పెళ్లాం తోడబుట్టినవాడు, ఎగతాళి చేస్తాడు. లేకపోతే పోయినవాడు పడినచోటే ఉండిపోతాడు. తమ్ముడు ఏడవాలి. తమ్ముడే నవ్వితే, అన్న చావు కోరుకున్నట్టు.

"మా అన్నదమ్ములిద్దరూ ఆ జీపులోనే కాళ్లిరగ్గొట్టుకుని ఆస్పత్రిలో పడున్నారు" అంది ముసలామె. "ఈడు లోయలోనే ఉండిపోతాడు, ఆ సలిలో." ఆమె ఏడవలేదు. లోయవైపు చూస్తూ నిలబడింది.

"తమ్ముడు కాదు పిన్నీ, బావ" అన్నాను. "దిగువ దేశం బావ. ముసలాయన్ని పైకి మోసుకొచ్చినోడు."

ఆమె అతని వీపు వైపు చూసింది. చొక్కా మీద రక్తం ఎండిపోయి ఉంది.

"మోసినావా?"

"మోసినానమ్మా."

"అమ్మేటి? నీకు అక్కనవుతాను, అప్పా అనాల. రా మరి, నవ్వించు."

హెడ్డుగారు తల ఊపారు. కాసేపటికి సెట్టులో, "మీ ఆపరేటరేడీ? ఓవర్" అని వస్తే, "చుట్టాలింట్లో చావుకెళ్లాడు సార్. ఓవర్" అన్నారట.

నన్నూ తోడు పంపారు. ఆపరేటరు పాడె ముందు కొమ్ము భుజాన వేసుకున్నాడు. పుంజుని పాడెకి కట్టారు. వలిసె చేల మధ్య నడిచాం. మంచులో పసుపుపచ్చ రంగు మాత్రం కనబడేది, పూలు కనబడేవి కావు. నేల మీద నడుస్తున్నామో లేదో తెలిసేది కాదు. ఆపరేటరు అడుగులు చూసుకుంటూ వెళ్లాడు.

"ఏటి బాబూ, నాలుకని సంతలో అమ్మీసినావా?" అంది ముసలామె.

ఊరి ముందు గెడ్డ వచ్చింది. నవ్వు లేకుండా పాడె ఆ నీళ్లు దాటకూడదు. చన్నీళ్లలో చీలమండ దాకా దిగి ఆపరేటరు ఆగాడు. వెనక్కి మెడ తిప్పి ముసలాయన మొహంలోకి చూశాడు.

"ఓ బావా, నిన్న మోసినప్పుడు దూదిలాగున్నావు. ఈయేల ఇంత బరువేటి? మా అప్పకి తెలీకుండా దార్లో కల్లు పట్టించినావేటి?"

ముసలామె ఫక్కుమంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, నవ్వి, అప్పుడు ఏడ్చింది. పాడె గెడ్డ దాటింది.

వానలకి ముందు నా డ్యూటీ ముగిసింది. బస్సు దిగువకి దిగుతుంటే మలుపు మలుపుకీ ఎండ పెరిగింది. నేను అక్షరాలు దిద్దుకుని ఇలా రాయగలిగింది ఆ తరవాత చాలా ఏళ్లకి. ఇప్పుడు మా వీధిలో టీవీలో ఏ ప్రమాదమో చూసి ఎవరైనా జోకు వేస్తే, "వాళ్లకి నువ్వు ఏటవుతావు?" అని అడుగుతాను. నా వైపు వింతగా చూస్తారు.

వాళ్లకి కనబడనిది నాకు కనబడుతూనే ఉంటుంది. మంచు, గెడ్డ నీళ్లు, భుజాన పాడెతో ఖాకీ మనిషి. మాట అనేసి, ముసలాయన ఏమంటాడో విందామని ఆగి ఉన్నాడు.