వేలు పట్టేంత కంత

మా జీపు మేస్త్రి పోయారన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. మా క్వారీలో క్రేను నడిపే ఆయన మేస్త్రి వెళ్లే చర్చికే వెళ్తాడు. టీ తాగుతూ చెప్పాడు: "మేస్త్రిగారు మొన్న ప్రభువునందు నిద్రించారు సార్. నిన్న సమాధి కూడా చేసేశాం. మీకు తెలుసనుకున్నా." తెలియదనడానికి సిగ్గేసి తల ఊపాను. మేస్త్రి షెడ్డు నా గదికి నాలుగు కిలోమీటర్లు.

మార్టూరు దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డు ఆయనది. రాళ్లలో తిరిగే జీపులకు అడుగు ప్లేట్లు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. అడుగు ప్లేటంటే బండి పొట్ట కింద బిగించే దళసరి ఇనప రేకు. రాయి తగిలినా ఇంజనుకీ, వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్‌కీ దెబ్బ తగలనివ్వదు. నేను క్వారీలో సూపర్‌వైజర్ని. ఇంటికెళ్తే పలకరించే మనిషి లేడు. ఉన్నదల్లా ఒక పాత ఫోర్‌వీల్ జీపు, దాన్నే ముద్దు చేసుకునేవాణ్ణి.

మొదటిసారి వెళ్లి మంచి ప్లేటు వెయ్యమంటే ఆయన ప్లేటు ఊసే ఎత్తలేదు. బకెట్లో చిక్కగా సున్నం కలిపి, జీపు కింద దూరి, అడుగంతా పూసేశారు. "వారం రోజులు మీరు తిరిగే దారుల్లోనే తిరిగి రండి సార్" అన్నారు. నాకు ఒళ్లు మండింది, కానీ తిరిగొచ్చాను. గోతం పట్టా పరిచి నన్నూ పక్కన పడుకోమన్నారు. సున్నం ఎక్కడెక్కడ గీరుకుపోయిందో వేలితో చూపించారు.

"ఇదుగో, ఇది క్వారీ ర్యాంపు దిగేటప్పటిది. మీరు భయమేస్తే ఎడం పక్కకి లాగుతున్నారు. ఇది పత్తి చేలో గట్టు ఎక్కించినప్పటిది. అక్కడ మీకసలు పనేంటండి?"

గట్టు మీద నుంచి వెళ్తే దగ్గర దారని చెప్పాను. ఆయన నవ్వారు. సున్నం పోయిన మేరకే ప్లేటు కోసి బిగించారు. మిగతాది ఎందుకు వదిలేశారంటే, "దెబ్బ తగలని చోట కప్పితే బరువే కదండి" అన్నారు. డిఫరెన్షియల్ కింద ప్లేటుకి ఒక కంత కూడా పెట్టారు. "వేలు పట్టని చోట నేను ప్లేటు వెయ్యను సార్. ఆయిల్ కారితే మనకి తెలియాలి."

అప్పట్నుంచి ప్రతి శనివారం వెళ్లేవాణ్ణి. ఆయన ఆ కంతలో వేలు పెట్టి తడిమి, వేలు వాసన చూసి, "ఏం లేదండి, బానే ఉంది" అనేవారు. జీపుకి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. షెడ్డు వెనకే ఇల్లు. గడప మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసే ఆయన భార్య లేచి, చేతులు రెండుసార్లు కడుక్కుని టీ పెట్టేది. ఆ గంటసేపటి కోసమే నాకు వారమంతా గడిచేది. ఆ సంగతి ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు.

ఒక శనివారం నా ఫోన్లో ఒక బొమ్మ చూపించాను. బయట అమ్మే అల్యూమినియం డిఫరెన్షియల్ మూత, దానికి జతగా ముందు నుంచి వెనకదాకా పరుచుకునే నల్లటి ప్లేటు. ఆయన కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూశారు.

"బాగుందండి. ఫొటోకి బాగుంటుంది. ఇనప మూతకి రాయి తగిలితే సొట్ట పడుద్ది, సొట్ట తీసుకోవచ్చు. ఇది పగులుద్ది. ఈ ప్లేటుకి కంత కూడా లేదు."

ఫొటో అన్న మాట నాకు గుచ్చుకుంది. యాభై దాటిన వాడికి సోకులెందుకు అన్నట్టు వినిపించింది. ఆయన అలా అనలేదు, అనే మనిషీ కాదు. నేను మాత్రం పంతానికి పోయి గుంటూరు వెళ్లి రెండూ బిగించుకున్నాను. నెల తిరక్కుండానే క్వారీ ర్యాంపు మీద వెనక ఇరుసు పెద్ద చప్పుడు చేసి పట్టేసింది. ఆయిల్ కారకుండా ఆపే సీలు ఎప్పుడో పోయింది. కారిందంతా ఆ ప్లేటు మీదే, దాని మీద పేరుకున్న పత్తి చెత్తలోనూ రాతి పొడిలోనూ ఇంకిపోయింది. నేల మీద ఒక్క చుక్క పడలేదు. క్రేను ఆయనే నా జీపుని గది దాకా లాక్కొచ్చాడు.

ఆ మొహం పెట్టుకుని మేస్త్రి దగ్గరికి ఎలా వెళ్లను? వచ్చే వారం వెళ్దామనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. మార్టూరులో పనుంటే చుట్టుదారిన వెళ్లేవాణ్ణి. శనివారాలు గదిలో కూర్చుని గోడ చూసేవాణ్ణి. అంత ఒంటరితనం నా భార్య పోయినప్పుడు కూడా లేదు, ఎందుకంటే ఇది నేను చేజేతులా తెచ్చుకున్నది.

సమాధి చేసిన మూడో రోజు, ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి వెళ్లాను. షెడ్డు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ప్రార్థన అయ్యాక మేస్త్రి భార్యే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"ఎప్పుడొచ్చారండి ఊరి నుంచి?"

నాకు అర్థం కాలేదు.

"మీకు ట్రాన్స్‌ఫరైందని ఆయన చెప్పారు లెండి. నేను ప్రతి శనివారం అడిగేదాన్ని, సార్ రాలేదేంటని. దూరంగా వేశారంట, పాపం సెలవు దొరకట్లేదంట అనేవారు."

క్రేను ఆయన రెండు కుర్చీల అవతల కూర్చుని ఉన్నాడు. నాకేసి చూసి తల దించుకున్నాడు. ప్రతి ఆదివారం మేస్త్రిని చూసే మనిషి. అంటే నేను ఇక్కడే ఉన్నానని, జీపు పట్టేసిందని మేస్త్రికి అంతా తెలుసు. తెలిసీ, ఆవిడ దగ్గర నా పరువు పోకుండా ఆ నాలుగు నెలలూ ఆ మాటే చెప్పారు.

"ఈ పొద్దునే వచ్చానమ్మా" అన్నాను.

"అంత దూరం నుంచి వచ్చారు." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మళ్లీ ఇవాళే వెళ్లాలా?"

"వెళ్లాలి."

అన్నం పెట్టి, వద్దన్నా వినకుండా నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. నా గది ఒంగోలు వైపు. ముందుగా వచ్చింది మాత్రం అటు చిలకలూరిపేట వైపు వెళ్లే బస్సు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఎక్కి కూర్చున్నాను. వెనక అద్దంలోంచి చూస్తే ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంది. కండక్టరు వచ్చి ఎక్కడికండి అన్నాడు. ఈ బస్సు ఎంత దూరం వెళ్తుందని అడిగాను.