కుంకుమ పొట్లంలో చేతబడి నవల

మా అమ్మ వారపత్రికల్లో వచ్చిన సీరియల్ కాగితాలు వారం వారం చించి దాచి, బైండు చేయించుకున్న చేతబడి నవల ఒకటి నా దగ్గర ఉండేది. పదమూడో ఏట మొదటిసారి చదివి, నెల రోజులు ఒంటరిగా పెరట్లోకి వెళ్లలేదు. అయినా మళ్లీ మళ్లీ చదివేదాన్ని. భయం నాకు పచ్చి మామిడికాయ లాంటిది, పళ్లు పులుస్తాయని తెలిసీ కొరుకుతాను. నిరుడు దానికి చెదలు పట్టి వెనక సగం తినేశాయి. ముగింపు లేని నవల ఏం చేసుకోను అని అటక మీంచి దించి పక్కన పడేశాను.

శ్రావణ శుక్రవారం పేరంటానికి అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. పసుపు కుంకుమలు వేసిచ్చే చిన్న కవర్లు అయిపోయాయి. అమలాపురం వెళ్లి తెచ్చేంత వ్యవధి లేదు. చేతికి దొరికిన ఆ పుస్తకంలోంచే నాలుగు కాగితాలు చింపి పొట్లాలు కట్టేశాను. వాటి మీద ఏముందో చూడను కూడా లేదు. నా తెలివి అలా తెల్లారింది.

మూడో రోజు పక్కింటావిడ పెట్టిన కేక విని పరుగెత్తాను. వాళ్ల పెరట్లో అరటి పాదు పక్కన వానకు తడిసిన కాగితం. దాని నిండా సూదులు గుచ్చిన ఆడబొమ్మ, బొమ్మ పొట్ట నిండా ఎర్రగా కరిగిన కుంకుమ. ఆవిడ కోడలికి ఏడో నెల. ముందురోజే బీపీ పెరిగి ఆసుపత్రిలో చేర్చారు.

"చూసేరా వదినగారూ! నా కోడలి కడుపు మీద ఎవరో చేయించేరండీ," అంది.

కళ్లు మూసుకున్నా నాకు కనిపించే బొమ్మ అది, నా నవల్లోది. కడుపుతో ఉన్న పిల్లకి అందులో కుంకుమ కట్టిచ్చింది నేనేనని ఎలా చెప్పను? రేపు ఆసుపత్రిలో ఏదైనా అయితే నన్ను బతకనిస్తారా? అయ్యయ్యో అని మాత్రం అని ఇంటికి వచ్చేశాను.

మా వీధిలో రాలిన కొబ్బరాకులు ఏరుకుని, ఈనెలు తీసి చీపుళ్లు కట్టే ముసలావిడ ఒకావిడ ఉంది. వారం కిందట ఆ కోడల్ని చూసి, "పొట్ట కిందికి దిగిపోయిందండీ, ఓసారి డాక్టరుకి చూపించండి," అందట. ఆ ముసలిదానికి ముందే ఎలా తెలిసింది అని పక్కింటావిడ పట్టు. సాయంత్రానికి వీధంతా అదే మాట. పొద్దున్న అమ్మవారి గుడి దగ్గర, వెలిగే కర్పూరం చేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాలని, లేకపోతే వీధిలో కాలు పెట్టకూడదని ముసలావిడకి కబురు పంపారు.

ఆ రాత్రి మా ఆయనకి చెబితే, "నీకెందుకే ఈ గొడవ? ప్రమాణమేగా, చేసేస్తుందిలే," అన్నారు. ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున్నే పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాను. గుడి అరుగు మీద కర్పూరం సిద్ధంగా ఉంది, పక్కనే ముసలావిడ నిలబడి ఉంది. పుస్తకం తెరిచి, చిరుగు పక్కన పక్కింటావిడ తెచ్చిన ఆ కాగితాన్ని ఆనించాను. రెండూ అతికినట్టు కలిశాయి.

"పొట్లం కట్టింది నేనే వదినగారూ. నిన్ననే చెప్పాల్సింది. భయమేసింది."

"ఎంత పని చేసేరండీ," అంటూ ఆవిడ కూలబడింది. కోడలికి నెమ్మదించిందని అప్పటికే ఫోను వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా పని అయ్యేది. పెద్దాయన ఒకాయన నవ్వేసి, "పోనీలెండి, తేలిపోయింది కదా," అంటూ కర్పూరం తీసెయ్యబోయారు.

"ఉంచండి," అంది ముసలావిడ. "కాయితం సంగతి ఆవిడ చెప్పేరు. నా సంగతి ఎవరూ చెప్పలేదు కదండీ."

ఇంకెందుకమ్మా అని నలుగురూ అంటున్నా వినకుండా తనే అగ్గిపుల్ల గీసింది. మంట పైకి లేచాక అరచెయ్యి దాని మీద పెట్టి నొక్కింది. నేను గబగబా వెళ్లి ఆ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ వెనక్కి తీసుకుంది.